గడియారం లేని కార్ఖానా

వీలున్నప్పుడు, ఇంట్లో కూర్చునే పని చేసుకోవడం సాఫ్ట్‌వేర్ కంపెనీలు నేర్పిన పద్ధతి అనుకుంటాం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల ఆడవాళ్లకు అది తరాలనాటి సంగతి. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, పొయ్యికీ పసిబిడ్డకూ నడుమ దొరికిన వేళలో బీడీలు చుట్టడం. వెయ్యికి ఇంత అని కూలి తీసుకోవడం. మగ్గం కూడు పెట్టక మగవాళ్లు భివండికీ, ఆ తర్వాత గల్ఫ్‌కూ వెళ్లినప్పుడు ఎన్నో ఇళ్లను నిలబెట్టింది ఈ చాటే. ఇల్లు విడిచి వెళ్లే వీలులేని వాళ్లకూ పని అందింది. కానీ పని అందడం వేరు, పనివాళ్లుగా లెక్కకు రావడం వేరు. వేళల స్వేచ్ఛ ఉన్నవాళ్లకు హక్కులెందుకన్న వాదనను దాటడానికి బీడీ కార్మికులకు పాతికేళ్లు పట్టింది.

ఆ వాదన మొదట కార్ఖానాలో కూర్చుని చుట్టేవాళ్ల మీదే నడిచింది. నాగపూర్ కార్మికులు కొందరు సెలవు రోజుల వేతనం అడిగితే, ఇష్టమొచ్చినప్పుడు వచ్చి ఇష్టమొచ్చినప్పుడు పోయేవాళ్లు ఫ్యాక్టరీల చట్టం కిందికి రారని యజమాని అన్నాడు. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. హాజరు వేస్తున్నారు, మధ్యాహ్నం దాటి వస్తే పని ఇవ్వడం లేదు, బాగాలేని బీడీలు తీసేస్తున్నారు; కాబట్టి వాళ్లు కార్మికులేనంది. ఏడాది తిరక్కుండానే, 1961 అక్టోబరులో, మహారాష్ట్ర నుంచి వచ్చిన శంకర్ బాలాజీ వాజే కేసులో అదే కోర్టు మెజారిటీ తీర్పు అటు తిరిగింది. రావడం మానడం తన చేతిలో ఉన్నవాడి మీద యజమానికి అదుపు లేదు కనుక అతను చట్టం చెప్పే కార్మికుడు కాడంది. రాజమహేంద్రవరంలో పుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ఆ తీర్పుతో విభేదించారు.

కార్ఖానాలో కూర్చున్నవాళ్ల గతే ఇదైతే ఇంట్లో చుట్టేవాళ్ల మాట చెప్పనక్కర్లేదు. ఆ లోటు పూడ్చింది 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం. యజమానో కాంట్రాక్టరో ముడిసరుకు ఇస్తే ఇంట్లో చుట్టేవాళ్లనూ అది ఉద్యోగుల్లో చేర్చింది. సెలవు వేతనం, ప్రసూతి ప్రయోజనం వంటివి ఆ పరిశ్రమకు తెచ్చింది. యజమానులు కోర్టుకెక్కితే, 1974లో మంగుళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 1985లో పీఎం పటేల్ కేసులో ప్రావిడెంట్ ఫండ్ కూడా ఇంటి కార్మికులకు వర్తిస్తుందంది. అక్కడ అసలు కీలకం బయటపడింది: తెచ్చిన బీడీలను ఏరి తిరగ్గొట్టే హక్కే అదుపు. పనివాళ్ల మీద గడియారం లేకపోవచ్చు, ఏరివేత మాత్రం ఉంది. తిరగ్గొట్టిన బీడీకి పోయిన శ్రమ ఎవరిదన్నది గంటలకంటే పెద్ద ప్రశ్న.

చట్టాలు బిగిస్తే యజమాని ఇళ్లకు పని ఇవ్వడం మానేస్తాడని, నష్టపోయేది ఆడవాళ్లేనని ఒక అభ్యంతరం. ఆ భయం ఉత్తది కాదు. అయితే ఇల్లు పనిచోటైతే షెడ్డు అద్దె, దీపం ఖర్చు యజమానికి మిగులుతాయి. హక్కులు వచ్చినా ఆ మిగులు పోదు. 1966 తర్వాత కూడా తెలంగాణ ఇళ్లలో చాటలు దశాబ్దాలపాటు ఖాళీగా లేవు. ఆరోగ్యాన్ని తినే బీడీని పట్టుకుని ఆదర్శం చెప్పడమేమిటని మరో అభ్యంతరం. నిజమే, తంబాకు దుమ్ము చుట్టేవాళ్లనూ వదలదు. కానీ సరుకు చెడ్డదైతే దాన్ని చేసిన చేతుల హక్కు తగ్గదు. రేపు ఆ సరుకు ఆగిపోయిననాడు ఆదుకోవడానికి లెక్కలో పేరు ఇంకా ఎక్కువ అవసరం.

తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టినప్పుడు అర్హతకు ఆధారం పీఎఫ్ ఖాతాయే. ఖాతా ఉన్నవాళ్లకు పాత కోర్టు తగాదాల ఫలం అందింది. ఖాతా లేకుండా చుట్టినవాళ్లు ఎన్ని వేల బీడీలు చుట్టినా బయటే మిగిలారు. ఇవాళ ఏ సంస్థ అయినా వెసులుబాటు ఇస్తున్నామని చెప్పుకుంటే, ఎన్ని గంటలకు రావాలన్న ప్రశ్నతో ఆగకూడదు. రిజిస్టరులో ఎవరి పేరుందో కూడా అడగాలి.