బిళ్ళ కట్టినోళ్ళు, రాయితీ పొందినోళ్ళు
(సైకిలు పన్ను చరిత్రలో ఊరూ వాడా)

చిత్తూరు నుంచి కాణిపాకం సుమారు 11 కిలోమీటర్లు. సైకిలు తొక్కే మనిషికి గంటలోపు దారి. వరసిద్ధి వినాయకుడి గుడి దగ్గర కొత్త వాహనాలకి పూజలు జరుగుతుంటాయి. కార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు పసుపు కుంకుమ పెట్టుకుని, దండలేసుకుని, టైర్ల కింద నిమ్మకాయలతో నిలబడతాయి. ఆ వరసలో కూలికి పోయే మనిషి సైకిలు కనపడడం అరుదు.

కాణిపాకానికి ఇంకో ప్రసిద్ధి ఉంది. ఇక్కడి దేవుడు ప్రమాణాల దేవుడు. ఈయన ముందర అబద్ధం చెప్పినోడు బాగుపడడని జనం నమ్మకం. అప్పు తగాదాల కాణ్నుంచి రాజకీయ నాయకుల ఆరోపణల దాకా 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా' అనే సవాలు జిల్లాలో మామూలే. మనం ఇక్కడ అడగబోయే ప్రశ్న కూడా ప్రమాణం మీద తేల్చదగిందే. ఇన్నేళ్ళూ సైకిలు మీద పన్ను ఎవరు కట్టినారు? ఇప్పుడు సైకిలు పేరుతో, పర్యావరణం పేరుతో ఇచ్చే పన్ను రాయితీలు ఎవరి జేబులోకి పోతున్నాయి?

పన్నుల చరిత్రను కింది నుంచి చూడడం మనకు కొత్త కాదు. 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన నివేదనలో జోతిరావు ఫూలే సర్కారు రాబడి రైతు కూలీల చెమట నుంచి వస్తుంటే అది పై కులాల చదువులకి ఖర్చవుతోందని నిలదీసినాడు. బ్రిటిష్ ఇండియాలో ప్రావిన్సుల ఆర్థిక వ్యవస్థ ఎట్లా పరిణమించిందో అంబేద్కర్ రాసిన గ్రంథం 1925లో అచ్చయింది. ఏ పన్ను ఏ సర్కారు చేతిలో ఉంటుంది, దాని బరువు ఎవరి మీద పడుతుంది అనేవి ఉత్త లెక్కల సంగతులు కావని ఆ ఇద్దరూ మనకు నేర్పినారు. సైకిలు చిన్న వస్తువే. దాని మీద వేసిన పన్నూ చిన్నదే. అయినా ఆ చిన్న పన్నులోనే ఊరికీ వాడకీ మధ్య ఉన్న గీత స్పష్టంగా కనపడుతుంది.

బిళ్ళ కాలం

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు ఏలుబడిలో ఉండేది. అందుకే మన సైకిలు పన్ను చరిత్ర మద్రాసు చట్టాలతో మొదలవుతుంది. బండ్ల మీద, జంతువుల మీద పన్ను వేసే అధికారం మునిసిపాలిటీలకి ఉండేది. సైకిలు కూడా ఆ పద్దులోకే వచ్చింది. ఏటా పన్ను కట్టి, లోహపు బిళ్ళ తెచ్చుకుని సైకిలుకి తగిలించుకోవాల. బిళ్ళ లేని సైకిలుని ఆపేవాళ్ళు. రాత్రిపూట దీపం లేకపోయినా జుల్మానా, ఇద్దరెక్కి 'డబుల్స్' పోయినా జుల్మానా. పాత తరం వాళ్ళకి ఇదంతా ఇప్పటికీ యాదిలో ఉంది.

ఇదే కాలంలో మోటారు వాహనాల సంగతి వేరే దారిలో నడిచింది. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చింది. అంతకుముందు మోటారు యజమాని పోయిన ప్రతిచోటా స్థానిక సంస్థల పన్నులు, టోలుగేటు సుంకాలు కట్టుకోవాల్సి వచ్చేది. ఆ బెడద తీసేసి ప్రావిన్సు ఒకే పన్ను పెట్టింది. స్థానిక సంస్థలకి పోయిన రాబడికి పరిహారం ఇచ్చింది. మోటారు యజమాని తక్కువ పన్ను కట్టినాడని కాదు దీని అర్థం. ఆయన ఇబ్బంది మద్రాసు దాకా వినపడింది, చట్టంగా మారింది. సైకిలోడి ఇబ్బంది మునిసిపాలిటీ బిళ్ళ దగ్గరే ఆగిపోయింది. కారు ఉన్నోళ్ళు శాసనమండలిలో ఉన్నారు. సైకిలు తొక్కే కూలోడు యాడ ఉన్నాడు?

స్వాతంత్ర్యం వచ్చినాక కూడా ఈ అధికారం పోలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా, 57వ పద్దు చూడండి. యంత్రబలంతో నడిచేవైనా కాకపోయినా, రోడ్డు మీద తిరిగే వాహనాల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదని ఉంది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో కూడా గ్రామ పంచాయతీ వేయగల పన్నుల్లో వాహన పన్ను ఉంది. కాలక్రమంలో సైకిలు బిళ్ళల వసూలు ఆగిపోయింది గాని, వెయ్యగల హక్కు కాగితం మీద మిగిలే ఉంది.

ఇంతకీ ఆ బిళ్ళ డబ్బు ఎవరు కట్టినట్టు? పైకి చూస్తే సైకిలు యజమాని. మొదటి రోజుల్లో సైకిళ్ళు ఇంగ్లండు నుంచి దిగుమతయ్యేవి. కొనగలిగినోళ్ళు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్ళు, వ్యాపారులు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ కంపెనీ పెట్టినాక, 1950లలో ఉత్తరాన సోనీపట్‌లో అట్లాస్, లుధియానాలో హీరో వచ్చినాక సైకిలు కింది తరగతులకి అందుబాటులోకి రావడం మొదలైంది. అప్పుడు కూడా కూలోడికి సొంత సైకిలు పెద్ద మాటే. వాడు తొక్కింది బాడుగ సైకిలు. గంటకింత అని అంగట్లో తీసుకుని, సంతకో ఆసుపత్రికో పోయి, గంట దాటకముందే పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చే సైకిలు. అంగడాయన ప్రతి సైకిలుకీ బిళ్ళ కట్టేవాడు. ఆ డబ్బు తన ఇంట్లోంచి తెస్తాడా? గంట బాడుగలోనే కలుపుతాడు. బిళ్ళ మీద పేరు యజమానిది, పన్ను కట్టింది కూలోడు. పైసల్లో చూస్తే ఇది చాలా చిన్న మొత్తం. కానీ అదే కూలోడి వాడకి రోడ్డు, దీపం, కొళాయి అన్నీ ఊరికి వచ్చినాకనే, చిట్టచివరగా వచ్చినాయి.

పన్ను అందరిదీ, దారి కొందరిది

చిత్తూరు జిల్లా రికార్డుల్లో ఏ.ఏ.డబ్ల్యూ. అని రాసే పల్లెలు కనపడతాయి. ఆది ఆంధ్రవాడ అని దాని అర్థం. ఊరికి ఎడంగా ఉండే మాలపల్లె, మాదిగవాడలకి సర్కారు పెట్టిన పేరు. ఆ వాడల్లోకి సొంత సైకిలు ఎక్కువగా ఉద్యోగంతో వచ్చింది. అటెండరు, రైల్వే గ్యాంగుమన్, ప్రాథమిక పాఠశాల టీచరు, ఇట్లాంటి చిన్న ఉద్యోగాలు రిజర్వేషన్ల పుణ్యమా అని వచ్చినాక జీతంతో పాటు సైకిలు కూడా వచ్చింది. ప్రభుత్వం చిన్న ఉద్యోగులకి సైకిలు అడ్వాన్సు ఇచ్చేది. కేంద్ర ఉద్యోగులకి ఇది ఏడో వేతన సంఘం సిఫార్సుల తర్వాత, 2016లో రద్దయింది. వాడలో సైకిలు అంటే ఊరి రైతు పొలం మీద ఆధారపడకుండా పొట్ట పోసుకునే దారి. దూరపు బడికీ, దూరపు పనికీ పోగలిగే స్వేచ్ఛ.

సరిగ్గా అందుకే అది ఊరి పెత్తందార్ల కంట్లో పడింది. ఊళ్ళోకి వచ్చేసరికి దిగి, సైకిలు తోసుకుంటూ పెద్ద కులాల వీధి దాటిపోవాల్సి రావడం దక్షిణాదిలోనూ ఉత్తరాదిలోనూ దళితులు చెప్పుకునే అనుభవం. 'మా ముందర సైకిలెక్కి పోతావట్రా' అనే మాటకి కొట్లాటలు జరిగినాయి. ఇదంతా గతమే అనుకునేవాళ్ళు ఒక చట్టం చదవాల. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితులు, ఆదివాసీలు సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా, బహిరంగ స్థలాల్లో చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని అందులో విడిగా చెప్పినారు. ఇరవై ఒకటో శతాబ్దంలో పార్లమెంటు 'సైకిలు' అనే మాటని శిక్షా చట్టంలో రాయాల్సి వచ్చింది. ఎక్కనీయకుండా అడ్డుకునేవాళ్ళు లేకపోతే ఆ మాట అక్కడికి ఎందుకొస్తుంది?

కాబట్టి బిళ్ళ పన్నుని ఈ వెలుగులో చూడాల. బిళ్ళ ఇచ్చినాక ఆ సైకిలుకి రోడ్డు మీద పోయే హక్కు ఉన్నట్టే లెక్క. పన్ను తీసుకునేటప్పుడు సర్కారు కులం చూడలేదు. వీధిలో దింపేటప్పుడు ఊరు కులమే చూసింది. సగం దారి తోసుకుంటూ నడిచినోడికి సగం పన్ను తగ్గించినారా?

రాయితీల కాలం

ఇప్పుడు కాలం తిరగబడింది. పొగ, ఎండ, పెట్రోలు ఖర్చు చూసి సర్కార్లకి సైకిలు మీద ప్రేమ పుట్టింది. బ్రిటన్‌లో 1999 నుంచి పనికి సైకిలు మీద పోయేవాళ్ళకి పన్ను రాయితీ పథకం ఉంది. సైకిలు ఖరీదుని జీతంలోంచి పన్ను పడకముందే కోసుకుంటారు. ఎక్కువ జీతానికి ఎక్కువ రేటు పన్ను ఉంటుంది కాబట్టి, అదే సైకిలు మీద పెద్ద జీతగాడికి ఎక్కువ మిగులుతుంది. ఇట్లా కోసినాక జీతం కనీస వేతనం కన్నా తగ్గకూడదని నియమం. అందువల్ల కనీస వేతనం మీద బతికేవాళ్ళకి ఆ పథకం తలుపు మూసినట్టే. సొంత పని చేసుకునేవాళ్ళకి అసలే లేదు. రాయితీ ఉన్నోళ్ళకేనా అని అక్కడ వాదన నడుస్తా ఉంది.

మన దేశంలో పెడలు తొక్కి పనికి పోయేవాడికి అట్లాంటి మినహాయింపు లేదు. పర్యావరణం పేరుతో ఆదాయపు పన్నులో ఇచ్చిన రాయితీ కరెంటు వాహనాలకి. 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపల మంజూరైన అప్పుల మీద ఏటా లక్షన్నర దాకా వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. లెక్క వేసి చూద్దాం. వడ్డీ లక్షన్నర కావాలంటే నూటికి పది చొప్పున 15 లక్షల అప్పు ఉండాల. అంటే అది కారు. 30 శాతం పన్ను కట్టేవాడికి ఏడాదికి 45 వేలు మిగులుతుంది. లక్ష రూపాయల అప్పుతో స్కూటరు కొన్న చిరుద్యోగి 20 శాతం పన్ను పరిధిలో ఉంటే మిగిలేది 2 వేలు. పన్ను కట్టేంత ఆదాయమే లేని కూలోడికి సున్నా. కాణి అంటే మాగాణి నేల. అది పారే చోటు కాబట్టి కాణిపాకం అని పేరు వచ్చిందంటారు. ఆ మాగాణి మీద వచ్చే వ్యవసాయ ఆదాయానికి ఎట్లాగూ ఆదాయపు పన్ను లేదు. భూమి ఉన్నోడికి ఆ మినహాయింపు, ఉద్యోగం ఉన్నోడికి ఈ మినహాయింపు. రెండూ లేనోడికి?

'జీఎస్‌టీ తగ్గించినారు కదా, అది అందరికీ వర్తిస్తుంది' అనే వాదన ఉంది. నిజమే, దాన్ని తీసిపారేయకూడదు. 2017 జూలై నుంచి సైకిలు మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. విడిభాగాల మీద కూడా తగ్గింది. పాత సైకిలుకి గొలుసు, పెడలు మార్చుకుంటూ నెట్టుకొచ్చేవాడికి అది కొంత మేలే. 5 వేల సైకిలు మీద 350 రూపాయలు తగ్గినట్టు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఒక రోజు కూలి కంటే కాస్త ఎక్కువ. ఆరోగ్యం కోసం పొద్దున్నే తొక్కే లక్ష రూపాయల గేరు సైకిలుకి తగ్గింది 7 వేలు. అదే రోజు చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. 5 లక్షల కారుకి తగ్గింది 55 వేలు. అది 179 రోజుల ఉపాధి కూలి. పైగా మనోళ్ళు ఎక్కువగా కొనేది చేతులు మారిన పాత సైకిలు. దాని బేరంలో జీఎస్‌టీ ఊసే ఉండదు. శాతాల్లో ఇచ్చే రాయితీ మనిషిని చూడదు, సంచిని చూస్తుంది. సంచి ఎంత పెద్దదైతే అంత కొలుస్తుంది.

మరి ఏం చెయ్యాల?

పన్నుతో సంబంధం లేకుండా వస్తువునే చేతికిచ్చిన చరిత్ర మన పక్కనే ఉంది. జిల్లా సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ 2001–02లో సర్కారు బడుల్లో చదివే ఎస్సీ, ఎస్టీ అమ్మాయిలకి ఉచిత సైకిళ్ళు మొదలుపెట్టి, తర్వాత మిగతా పిల్లలకీ ఇచ్చినారు. 2006లో బీహారు తొమ్మిదో తరగతి అమ్మాయిలకి ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ 2017లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం దానివల్ల అక్కడ హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగినారు. మన రాష్ట్రంలోనూ 2017లో 'బడికొస్తా' పేరుతో అమ్మాయిలకి సైకిళ్ళు ఇచ్చినారు. ఇక్కడ మేలు ఇంటి ఆదాయాన్ని బట్టి పెరగలేదు. కలెక్టరు కూతురికీ కూలోడి కూతురికీ ఒకటే సైకిలు. కలెక్టరు కూతురు సర్కారు బడికి రాదు కాబట్టి, అది చేరాల్సినచోటికే చేరింది.

అయితే ఇవన్నీ బడి పిల్లలకి ఇచ్చినవి. పొద్దున్నే అన్నం క్యారియరు తగిలించుకుని చెరుకు తోటలకీ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకీ, కట్టడం పనులకీ పోయే మగా ఆడా కూలీల ప్రయాణం గురించి బడ్జెట్లు మాట్లాడింది తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 44.8 ఇళ్ళలో సైకిలు ఉంది. మోటారు బండి ఉన్నవి 21. అంటే సైకిలు పేదల బండిగా ఉన్నన్నాళ్ళూ దాని మీద పన్నే గాని రాయితీ లేదు. అది ఉన్నోళ్ళ వ్యాయామం అయినాక, కరెంటుతో నడవడం మొదలైనాక రాయితీ మాట వినపడింది.

కాబట్టి రాయితీ వద్దని కాదు మనం అనేది. ఆదాయపు పన్నులోంచి ఇచ్చే రాయితీ కూలోడి పేరుతో చలామణీ కాకూడదు. ఆ డబ్బుతోనే పని చేసే మనిషికి నేరుగా సైకిలు ఇవ్వాల. వాడ నుంచి పెద్ద రోడ్డు దాకా దారి వెయ్యాల. ఆ దారిలో దిగమనేవాడి మీద 2015 సవరణ కింద కేసు కట్టాల. మూడోది లేకుండా మొదటి రెండూ చాలవు. ఎందుకంటే సైకిలు సర్కారు ఇవ్వగలదు గాని, దాని మీద కూర్చుని ఊరి మధ్యలోంచి పోయే హక్కుని మనోళ్ళు ఎప్పుడూ కొట్లాడే తెచ్చుకున్నారు.

'ఈ రాయితీ పేదోళ్ళకే' అని చెప్పే పెద్దలు ఒకసారి కాణిపాకం వచ్చి ఆ మాటే వినాయకుడి ముందర చెప్పాల. వచ్చేటప్పుడు చిత్తూరు నుంచి ఆ 11 కిలోమీటర్లూ సైకిలు మీద వస్తే ఇంకా మంచిది.