లెక్కల తరగతిలో పుట్టిన తార

జర్మనీ తూర్పు కొసన, నేటి పోలండ్ సరిహద్దుకు దగ్గర్లో నీస్కీ అనే చిన్న పట్నం ఉంది. 1821 జనవరిలో అక్కడి మగపిల్లల బడికి యాభయ్యేళ్ళ పండగ జరిగింది. ఆ సందర్భంగా బడి ఆవరణలో ఒక పెద్ద తారను వేలాడదీశారు. దానికి 110 కొనలు. ఇవాళ జర్మనీలో క్రిస్మస్ రోజుల్లో చర్చిల్లో, వసారాల్లో, పిల్లల గదుల్లో వెలిగే హెర్న్‌హూట్ తారకు దొరుకుతున్న తొలి ఆనవాళ్ళలో అదొకటి. మన ఇళ్ళ ముందు కట్టే ఐదు కొనల నక్షత్రంలా ఇది బల్లపరుపుగా ఉండదు. పల్లేరు కాయలా అన్ని వైపులకూ కొనలు చాచి ఉంటుంది.

ఆ బడి మొరేవియన్ అనే క్రైస్తవ సంఘానిది. మతహింస భరించలేక మొరేవియా నుంచి పారిపోయి వచ్చిన కొన్ని కుటుంబాలు 1722లో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూముల్లో ఇళ్ళు కట్టుకున్నాయి. అదే హెర్న్‌హూట్ గ్రామం. పదేళ్ళు తిరిగేసరికి ఆ చిన్న ఊరు కరీబియన్ దీవుల్లోని బానిసల దగ్గరకు, ఆ మరుసటి ఏడు గ్రీన్‌లాండ్‌కు ప్రచారకులను పంపింది. తర్వాత సురినామ్, లాబ్రడార్, దక్షిణాఫ్రికా. చదువంటే ఈ సంఘానికి మొదటి నుంచీ పట్టింపు ఎక్కువ. పిల్లలకు బొమ్మలతో పాఠం చెప్పాలని 1658లోనే పుస్తకం అచ్చు వేయించిన కొమేనియస్ వీళ్ళ పూర్వపు సంఘానికి బిషప్పే.

ప్రపంచం నలుమూలలకూ వెళ్ళిన ఆ ప్రచారక దంపతులకు అక్కడే పిల్లలు పుట్టేవాళ్ళు. బడి ఈడు రాగానే ఆ పిల్లల్ని ఓడ ఎక్కించి జర్మనీకి పంపేసేవారు. ఉత్తరం చేరాలంటే నెలలు పట్టేది. మళ్ళీ అమ్మానాన్నలను చూసేసరికి ఏళ్ళు గడిచిపోయేవి, కొందరికి ఆ భాగ్యమే దక్కలేదు. సురినామ్‌లో పుట్టిన మరియా హార్ట్‌మన్ కథ చూడండి. చిన్నతనంలోనే ఆమెను చదువుకోసం జర్మనీ పంపారు. పెద్దయ్యాక 1859లో హిమాలయాల్లోని కేలాంగ్‌కు వచ్చి, అక్కడి ప్రచారకుడు హైడేను పెళ్ళాడింది. ఆ మంచుకొండల్లో దశాబ్దాలు గడిపింది. తాను పడ్డ ఎడబాటు తెలిసి కూడా తన పిల్లలను చదువుకోసం జర్మనీ పంపక తప్పలేదు ఆమెకు. ఆ పెద్దవాళ్ళ త్యాగాన్ని చర్చి చరిత్రలు గొప్పగా చెబుతాయి, అది నిజంగా గొప్పదే. కానీ దాని బరువులో సగం మోసింది ఆరేడేళ్ళ పిల్లలు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఈ తార కథలో నాకు ముఖ్యమనిపించేది అదే.

పండగ వస్తే తోటి పిల్లలకు ఇల్లుంటుంది. వీళ్ళకు హాస్టలే ఇల్లు. అక్కడ లెక్కల పాఠంగా మొదలైంది ఈ తార. ఘనాకృతులు అర్థం కావడానికి అయ్యవారు పిల్లల చేత కాగితం కత్తిరించి, మడిచి, అంటించి సూదికొనల బొమ్మలు చేయించేవారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంటుంది కదా, అందులో మొదటి ఆదివారం నాడు తార చేయడం క్రమంగా ఆ బడుల్లో ఆనవాయితీ అయింది. తొలినాళ్ళ తారలు తెలుపు, ఎరుపు రంగుల్లో ఉండేవి. తెలుపు పరిశుద్ధతకు, ఎరుపు క్రీస్తు రక్తానికి.

ఇప్పటి తార లెక్క చాలా ముచ్చటగా ఉంటుంది. ఒక ఘనం తీసుకోండి. దానికి 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. అంచులన్నీ తగినంత చెక్కేస్తే ఒక్కో అంచు ఉన్నచోట ఒక్కో చతురస్రం వస్తుంది. మూలలు చెక్కితే ఒక్కోచోట ఒక్కో త్రిభుజం వస్తుంది. 6, 12 కలిపి 18 చతురస్రాలు, పైగా 8 త్రిభుజాలు. మొత్తం 26 ముఖాలు. పాచియోలీ 1509లో అచ్చువేసిన గణిత గ్రంథం కోసం లియొనార్డో డావిన్సీ గీసిన ఆకృతుల్లో ఇదీ ఉంది. ఒక చతురస్రాన్ని దీపం దించడానికి వదిలేసి, మిగతా ప్రతి ముఖం మీదా ఒక కొన నిలబెడతారు. నాలుగు పలకలవి 17, మూడు పలకలవి 8. అంతే, 25 కొనల తార.

నీస్కీ బడిలో చదువుకున్న పీటర్ వెర్బెక్ పెద్దయ్యాక హెర్న్‌హూట్‌లో పుస్తకాల కొట్టు పెట్టాడు. 1880 ప్రాంతంలో అక్కడే ఈ తారలు చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. బడిలో నేర్చిన చేతిపనిని ఇళ్ళకు చేర్చింది ఆయనే. ఇంటిదగ్గర విప్పి బిగించుకునే తారను ఆయన కొడుకు హారీ 1897లో తయారుచేశాడు, తర్వాత అది కర్మాగారమే అయింది. తూర్పు జర్మనీ రోజుల్లో ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకున్నా తయారీ ఆగలేదు. పొట్లం విప్పి, కొనలు వరసగా పేర్చి, తల్లీతండ్రీ పిల్లలూ చుట్టూ కూచుని తార బిగించడం ఇప్పటికీ ఎన్నో జర్మన్ ఇళ్ళలో పండగకు నాంది. జనవరి 6 దాటాక మళ్ళీ విప్పి అటక మీద పెట్టేస్తారు. అమెరికాలో మొరేవియన్లు కట్టుకున్న పెన్సిల్వేనియాలోని బెత్లెహేములోనూ ఇదే తార వసారాల్లో వెలుగుతుంది.

మన దేశంలో మొరేవియన్ల అడుగులు 1760లో తమిళనాట తరంగంబాడిలో పడ్డాయి గాని అక్కడ నిలవలేదు. లడఖ్‌లో నిలిచాయి. లేహ్‌లో వాళ్ళు పెట్టిన మిషన్ బడి ఇవాళ్టికీ నడుస్తోంది. తెలుగు నేల మీద బళ్ళు పెట్టినవాళ్ళు వేరే, లూథరన్లు, బాప్టిస్టులు, కాథలిక్కులు. వాళ్ళ హాస్టళ్ళలో చదివిన పిల్లలు తెలుగు ఊళ్ళన్నిటా ఉన్నారు. మిగతా బళ్ళకు పెద్ద సెలవులు సంక్రాంతికైతే, మిషనరీ బళ్ళకు క్రిస్మస్‌కు. ఆ సెలవులివ్వబోయే ముందు వారం పాఠాలు ఎలాగూ సాగవు. కానీ బడిలో కట్టే స్టార్‌ను ఇప్పుడు బజారు నుంచి కొని తెచ్చి కట్టేస్తున్నారు. ఒకప్పుడు వెదురు బద్దలు వంచి, రంగు కాగితం అంటించి పిల్లలే చేసేవారు. ఆ పని పోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఉన్నత పాఠశాల లెక్కల్లో ఆయిలర్ సూత్రం ఎలాగూ ఉంది. చార్టు కాగితం, కత్తెర, జిగురు ఇచ్చి ఆ వారంలో ఈ తార చేయించవచ్చు. ముందు కొనలు లేని ఆకృతిని అట్టతో కట్టించి లెక్కపెట్టమనాలి: ముఖాలు 26, శీర్షాలు 24, అంచులు 48. ముఖాలూ శీర్షాలూ కలిపి అంచులు తీసేస్తే 2 మిగలాలి, మిగులుతుంది. ఆ తర్వాత కొనలు అంటించమనాలి. పైన ఒక చతురస్రం బల్బుకు వదలాలని మొదటే చెప్పకపోతే పిల్లలు ఉత్సాహంలో దాన్నీ మూసేస్తారు.