ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత ప్రసూతి వైద్యం

కడప జిల్లాలోని ఈ మూడు పట్టణాల ఆసుపత్రులు గర్భిణులకు, బాలింతలకు అందించే సంరక్షణే ఈ ప్రాంత ప్రసూతి వైద్యం. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ ఆధ్వర్యంలో వెలసిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి పాతది. పులివెందులలో డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి నెలకొల్పారు. 2005లో ఆసుపత్రి కాన్పులకు నగదు సాయమిచ్చే జననీ సురక్ష యోజన, 108 అంబులెన్సులు వచ్చాయి.

ఇంట్లోనే పురుడు పోసే రోజులు దాదాపు పోయాయి: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయితే 42.4 శాతం సిజేరియన్లు, గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువున్న బాలింత కాస్త రక్తస్రావాన్నీ తట్టుకోలేదు. గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇచ్చినా అది ముడుచుకోకపోతే వెంటనే అదే పని చేసే ఇతర మందులు ఇవ్వాలి; రక్తం ఎక్కువగా పోతే రక్తం ఎక్కించాలి.

2018–20లో ఆంధ్రప్రదేశ్ మాతృమరణాలు లక్ష సజీవ జననాలకు 45.