పినపాక ప్రాంతంలో వ్యవసాయ భూముల వారసత్వం

పినపాక, తెలంగాణ రాష్ట్రం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన ఒక మండలం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. గోదావరికి, అడవికి చేరువలోని ఈ ఏజెన్సీ ప్రాంతంలో కోయలు ప్రధాన గిరిజన తెగ. ఇక్కడ సాగుభూమి ఒక తరం నుండి మరొక తరానికి సంక్రమించే విధానం ఒకే చట్టంపై ఆధారపడి లేదు. హక్కుదారు గిరిజనుడా కాదా, భూమి పట్టాభూమియా, అసైన్డు భూమియా, పోడు భూమియా అనే అంశాలను బట్టి నిబంధనలు మారుతాయి.

భూ బదలాయింపు నిబంధనలు

1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలకు వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణ "1/70 చట్టం"గా ప్రసిద్ధి పొందింది. దీని ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనులకు, లేదా కేవలం గిరిజనులతో కూడిన సహకార సంఘాలకు తప్ప ఇతరులకు అమ్మడం, దానమివ్వడం, కౌలుకివ్వడం చెల్లదు. గిరిజనేతరుని స్వాధీనంలోని భూమి, వేరుగా రుజువయ్యేంతవరకు, గిరిజనుని నుండి సంక్రమించినదిగానే భావింపబడుతుంది. వీలునామా "బదలాయింపు" నిర్వచనంలోకి రాదు. అయితే మొదట చెల్లని కొనుగోలు, కొడుకుకు సంక్రమించినంత మాత్రాన చెల్లుబాటు కాదు.

కుమార్తెల హక్కు

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ 1986లో, కేంద్రం 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు కల్పించాయి. అయితే 1956 నాటి ఈ చట్టంలోని 2(2) సెక్షను ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఇది షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వారికి తెగ ఆచారమే ఆధారం. ఆచారం కుమారులకే భూమినిచ్చే చోట కుమార్తెకు కోర్టే శరణ్యమవుతుంది. ఈ మినహాయింపును పునఃపరిశీలించవలసినదిగా 2022లో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబపు వివాదంలో, సమానత్వ సూత్రంపై, స్త్రీ వారసులకు వాటా ఉందని తీర్పునిచ్చింది.

పోడు, అసైన్డు భూములు

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమిపై, 4 హెక్టార్లకు మించకుండా హక్కుపత్రం లభిస్తుంది. వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేర్లూ నమోదు చేయాలి. ఈ హక్కు వారసత్వంగా సంక్రమిస్తుంది, కాని అమ్ముకొనడానికి వీలులేదు. నేరుగా వారసులు లేనిచో దగ్గరి బంధువులకు చెందుతుంది. 1977 నాటి చట్టం క్రింద అసైన్డు భూమికి కూడా ఇదే సూత్రం: వారసత్వం ఉంది, అమ్మకం లేదు.

రికార్డులలో పేరు మార్పు

హక్కు సంక్రమించినా, రికార్డులలో పేరు మారనిదే ప్రభుత్వ పథకాల ఫలితం అందదు. ఉదాహరణకు 2018 ఆగస్టు 15న ప్రారంభమైన రైతుబీమా 18 నుండి 59 సంవత్సరాల వయసు గల పట్టాదారులకు ఉద్దేశించినది. మరణించిన రైతు కుటుంబానికి 5 లక్షల రూపాయలు లభిస్తాయి. పాసుపుస్తకం వృద్ధుడైన తండ్రి పేరనే ఉంటే, పొలం దున్నే కొడుకు మరణించినా ఆ కుటుంబానికి బీమా రాదు.

2020 నాటి ధరణి విధానంలో వారసుల ఉమ్మడి అంగీకారం ఆధారంగా విరాసత్ నమోదు జరిగేది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి విధానంలో, తహసీల్దారు వారసులందరికీ నోటీసులిచ్చి, విచారణ జరిపిన తరువాతనే పేరు మార్చవలసి ఉంటుంది. ఇతర గ్రామాలకు కాపురానికి వెళ్ళిన కుమార్తెలకు తమ వాటా గూర్చి చెప్పుకొనే అవకాశం ఈ నోటీసు ద్వారా కలుగుతుంది.