రెండు ఫైళ్ల పరకాయ ప్రవేశం

నాన్న దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెంటియం ఎం ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్. ఉద్యోగంలో చేరి నేను కొత్తది కొనుక్కున్నాక అది ఊరికి చేరింది. లెక్కల మాస్టారుగా రిటైరైన నాన్న రోజూ పొద్దున కాఫీ తాగాక ఓ గంట దాని ముందు కూర్చుని, తాను పనిచేసిన బళ్ల కబుర్లు ఒక్క వేలితో టైపు చేసుకుంటారు. విండోస్‌తో కదలనని మొరాయించిన ఆ డబ్బాని ఇన్నేళ్లుగా నడిపిస్తున్నది పప్పీ లినక్స్.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్న ఒక మెమరీ కార్డు చేతిలో పెట్టారు. పెదనాన్న మనవరాలి పెళ్లి ఫోటోలు. "ఒరేయ్, రీడర్‌లో పెట్టి గుచ్చితే ఇది అసలు పలకట్లేదు, చూడు."

చూశాను. 64 జీబీ కార్డు, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. లోపలున్న 2014 నాటి కెర్నల్‌కి ఆ భాష రాదు. నా ల్యాప్‌టాప్‌లోంచి ఫోటోలు కాపీ చేసిస్తానన్నాను. పోనీ కొత్తది కొంటానన్నాను. రెండూ వినలేదు. "దీనికి రాదన్నావు గదా. అయితే నేర్పు," అన్నారు. జీవితమంతా పిల్లలకి ఎక్కాలు నేర్పినాయన అంతకంటే ఏమంటారు?

ఆ రాత్రి నేను కూర్చుని చేసింది కెర్నల్ మార్చడం. చేతి పనిగా చూస్తే రెండు ఫైళ్లు తీసి ఇంకో రెండు పెట్టడం, అంతే. కానీ అది అంత తేలిక కావడానికి, అంత తేలికైనా నాకు తెల్లారిపోవడానికి, వెనక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

*

కెర్నల్ అంటే బాదం పిక్కలో పప్పు లాంటిది. మనం చూసే కిటికీలు, మెనూలు, నాన్న టైపు చేసే ఎడిటర్, ఇవన్నీ పైపెంకు. వీటిలో ఏ ఒక్కటీ డిస్కునీ, కీబోర్డునీ, వైఫైనీ నేరుగా ముట్టుకోదు. "ఈ ఫైలు తెరువు", "ఈ అక్షరం రాసుకో" అని కెర్నల్‌ని అడుగుతుంది. యంత్రంతో మాట్లాడేది కెర్నల్. నిజానికి లినక్స్ అనే పేరు ఈ పప్పుదే. దాని చుట్టూ ఎవరికి నచ్చిన పెంకు వాళ్లు కట్టుకుని ఉబుంటు అనీ, డెబియన్ అనీ, పప్పీ అనీ పేరు పెట్టుకుంటారు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో విద్యార్థిగా ఉండగా దీన్ని మొదలుపెట్టాడు. తన దగ్గరున్న ఇంటెల్ 386 కంప్యూటర్ కోసం రాసుకున్నాడు. వేరే ప్రాసెసర్ల మీద నడుస్తుందన్న ఆశ కూడా అప్పట్లో ఆయనకి లేదు. ఈ 386 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మన కథలో ముఖ్యమైన సంవత్సరం 2003. ఆ మార్చిలో ఇంటెల్ పెంటియం ఎం ప్రాసెసర్‌ని తెచ్చింది. నాన్న ల్యాప్‌టాప్ ఆ వంశానిదే. జూన్‌లో బ్యారీ కౌలర్ అనే ఆస్ట్రేలియన్ పప్పీ లినక్స్ మొదటి విడుదల చేశాడు. ఆయన పెంచుకున్న చివావా కుక్క పేరు పప్పీ. ఆ పేరే దీనికి పెట్టాడు. అదే ఏడాది జాన్ ఆండ్రూస్ డ్యామ్ స్మాల్ లినక్స్ మొదలుపెట్టాడు. డిసెంబర్‌లో లినక్స్ కెర్నల్ 2.4 తరం దాటి 2.6 తరంలోకి అడుగుపెట్టింది.

అంటే పాత యంత్రాల కోసమని రెండు చిన్న లినక్స్‌లు పుట్టిన ఏడాదే, వాటి లోపలి పప్పు తరం మారింది. ఆ మార్పుని ఆ రెండూ ఎదుర్కొన్న తీరులోనే వాటి తలరాతలు వేరయ్యాయి.

డ్యామ్ స్మాల్ లినక్స్‌ది ఒకే ఒక్క పట్టుదల: మొత్తం 50 ఎంబీ దాటకూడదు. విజిటింగ్ కార్డు సైజు సీడీలో పట్టాలి. బ్రౌజరు, ఎడిటరు, మెయిలు అన్నీ అందులోనే ఇమడాలి. కిలోబైటు కిలోబైటుకీ లెక్క చూసుకునే ఇంట్లోకి అంతకంటే భారీ అయిన 2.6ని తేవడం కష్టం. పైగా 2.4 పాత యంత్రాల మీద హాయిగా నడిచేది. డీఎస్ఎల్-ఎన్ అనే పేరుతో 50 ఎంబీ గీత దాటి 2.6తో ఒక ప్రయత్నం చేశారు గానీ అది ఎక్కువ దూరం నడవలేదు. అసలు డీఎస్ఎల్ మాత్రం 2008లో వచ్చిన 4.4.10 దాకా 2.4తోనే ఉండిపోయింది. ఈలోగా బయట కొత్త డిస్కులు, కొత్త వైఫై కార్డులు వచ్చేశాయి. వాటి డ్రైవర్లు రాసేవాళ్లు 2.6 కోసమే రాశారు. బరువు పెరగకూడదని పప్పు మార్చని డీఎస్ఎల్ కొత్త హార్డ్‌వేర్ ముందు మూగబోయింది. అందులో ముఖ్యుడైన రాబర్ట్ షింగిల్‌డెకర్ బయటికొచ్చి 2009 జనవరిలో టైనీ కోర్ 1.0 తెచ్చాడు. పదీ పదకొండు ఎంబీలు. అందులో కెర్నల్ ఒక ఫైలు, మిగతా వ్యవస్థ అంతా ఇంకో ఫైలు. డీఎస్ఎల్ మళ్లీ లేచింది 2024లో, యాంటీఎక్స్ అనే ఇంకో తేలికపాటి లినక్స్‌ని పునాదిగా చేసుకుని. ఇప్పుడు దాని హద్దు 700 ఎంబీ. విజిటింగ్ కార్డు పోయి మామూలు సీడీ వచ్చింది.

పప్పీ ఇంకో దారి పట్టింది. 2006లో రెండో వరుస విడుదలలతో 2.6కి మారిపోయింది. మారాక పాతవాళ్లని వదిలెయ్యలేదు కూడా. 2008 ప్రాంతంలో 4.1 వరుసకి 'రెట్రో' అని ఒక జంట విడుదల ఉండేది. అదే డెస్క్‌టాపు, అవే ప్రోగ్రాములు, లోపల మాత్రం ఇంకాస్త పాత కెర్నల్. కొత్త కెర్నల్ పడని యంత్రాల వాళ్లు అది వాడుకునేవారు.

ఇది చిన్న సర్దుబాటులా కనిపిస్తుంది గానీ నాకు అందులో పెద్ద ఆలోచన కనబడుతుంది. పప్పు మారినా పప్పీ పప్పీయే అని వాళ్లు ఒప్పుకున్నారు. 2013లో కౌలర్ పక్కకి తప్పుకున్నాక పప్పీని నడిపిస్తున్న బృందం ఈ ఆలోచనని కొసదాకా తీసుకెళ్లింది. బూట్ కావడానికి కావలసిన డ్రైవర్లన్నీ లోపలే కలిపేసిన 'హ్యూజ్' కెర్నల్ ఒక ఫైలు. మిగిలిన డ్రైవర్లన్నీ మూటకట్టిన జడ్‌డీఆర్‌వీ ఇంకో ఫైలు. ప్రోగ్రాములు మూడో ఫైలు. నాన్న రాసుకున్నవీ, పెట్టుకున్న సెట్టింగులూ పప్‌సేవ్ అనే నాలుగో ఫైలు. మొదటి రెండూ మార్చితే కెర్నల్ మారినట్టే. మిగతా రెండిటినీ ముట్టుకోనక్కర్లేదు.

*

మరి పన్నెండేళ్ల నాటి ప్రోగ్రాములు, తమకంటే ఏళ్లు చిన్నదైన కెర్నల్ మీద ఎలా నడుస్తాయి? ఇక్కడే టోర్వాల్డ్స్ పెట్టిన ఒక నియమం ఉంది. కెర్నల్ లోపల ఏం మార్చుకున్నా సరే, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము ఇవాళ ఆగిపోకూడదు. ఆగితే తప్పు ప్రోగ్రాముది కాదు, కెర్నల్‌ది. 2012 డిసెంబర్‌లో ఒక సీనియర్ డెవలపర్ ఈ మాట తప్పబోతే టోర్వాల్డ్స్ అందరి ముందూ చెడామడా తిట్టాడు. ఆ తిట్టు మా వృత్తిలో వాళ్లకి బాగా పరిచయం.

సరిగ్గా అదే నెలలో ఇంకోటి జరిగింది. ఇంగో మోల్నార్ పంపిన మార్పుల్ని తీసుకుని టోర్వాల్డ్స్ 386 ప్రాసెసర్‌కి మద్దతు తీసేశాడు. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 నుంచి లినక్స్ తాను పుట్టిన యంత్రం మీద నడవదు. ఎవరూ కన్నీళ్లు పెట్టుకోలేదు. దాన్ని మోయడానికి కోడ్‌లో పడుతున్న చిక్కులు అలాంటివి.

ఈ రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. కెర్నల్ మాటిచ్చింది ప్రోగ్రాములకి. యంత్రాలకి కాదు.

లోపలి డ్రైవర్లకీ అది ఏ మాటా ఇవ్వలేదు. డ్రైవర్లకీ కెర్నల్‌కీ మధ్య పద్ధతులు విడుదల విడుదలకీ మారొచ్చు. అది నిర్లక్ష్యం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయమని గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నల్ సోర్స్‌లోనే ఉంది. డ్రైవర్లన్నీ ఒకే ఇంట్లో ఉంటే, పద్ధతి మార్చినవాడే వాటినీ సరిచేస్తాడని తర్కం. అందుకే ఒక కెర్నల్ డ్రైవర్లు ఇంకో కెర్నల్‌కి పనికిరావు. మొదటి ఫైలుతో పాటు రెండోదీ మార్చి తీరాలి.

పప్పీకి ఇంకో చిక్కు కూడా ఉండేది. ప్రోగ్రాముల ఫైలు, పప్‌సేవ్ ఫైలు పొరలు పొరలుగా పేర్చి ఒకే డిస్కులా చూపించడానికి అది ఏయూఎఫ్ఎస్ అనే పద్ధతి వాడేది. దాన్ని ప్రధాన లినక్స్‌లోకి ఎన్నడూ తీసుకోలేదు. అలాంటి పనికోసం ఓవర్‌లేఎఫ్ఎస్‌ని 2014 చివర్లో 3.18లో చేర్చుకున్నారు. కాబట్టి పాత పప్పీలో ఏ కెర్నల్ పడితే అది పెడితే కుదరదు. ఏయూఎఫ్ఎస్ అతికించి పప్పీ కోసమని ఎవరో ఒకరు ఓపిగ్గా కట్టినదే పెట్టాలి. ఆ ఎవరో ఒకరికి జీతం ఉండదు.

*

నాన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2014 నాటి పప్పీ టార్ 6.0, కెర్నల్ 3.14. ఎక్స్‌ఫ్యాట్ మైక్రోసాఫ్ట్ సొత్తు. దాని వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది 2019 ఆగస్టులో. ఆ ఏడాది చివర్లో 5.4లో ముడిరూపంలో, 2020లో 5.7లో శామ్‌సంగ్ రాసిన సరైన రూపంలో అది లినక్స్‌లోకి వచ్చింది. నాకు దొరికిన పప్పీ కెర్నల్ 5.10 వరుసది. చాలు.

మొదటి ఫైలు మార్చి బూట్ చేశాను. నల్లటి తెర మీద ఒకటే మాట: ఈ ప్రాసెసర్‌లో పీఏఈ లేదు, దీనికి తగిన కెర్నల్ వాడండి.

పీఏఈ అంటే 32 బిట్ల ప్రాసెసర్ 4 జీబీ కంటే ఎక్కువ మెమరీని చూడగలిగే సౌకర్యం. 1995లో పెంటియం ప్రోతో వచ్చింది. తర్వాత్తర్వాత పెద్ద లినక్స్‌లు అది ఉండి తీరాలన్నాయి. ఉబుంటు 2012 అక్టోబర్‌లో వచ్చిన 12.10తో పీఏఈ లేని కెర్నల్‌ని ఆపేసింది. పెంటియం ఎం తొలి తరాల్లో చాలావాటిది విచిత్రమైన పరిస్థితి. వాటికి పీఏఈ చేతనవును. కానీ "నీకేమేం వచ్చు?" అని కెర్నల్ అడిగినప్పుడు చెప్పే జాబితాలో అది ఉండదు. చేతనైన పని ఇంటర్వ్యూలో చెప్పుకోలేక వెనక్కొచ్చిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. కాలేజీలో మొదటి రెండేళ్లూ నేనూ ఆ జాబితాలోనే.

దీనికీ మందు ఉంది. ఫోర్స్‌పీఏఈ అనే ఒక్క మాట బూట్ లైన్‌లో చేరిస్తే, ప్రాసెసర్ చెప్పకపోయినా కెర్నల్ దాన్ని నమ్ముతుంది. నమ్మినందుకు హెచ్చరిక ఒకటి రాసుకుని, తన మీద తానే 'కళంకితం' అని ముద్ర వేసుకుంటుంది. రేపు ఏదైనా తేడా వస్తే పూచీ తనది కాదని.

డెస్క్‌టాప్ వచ్చింది. వైఫై లేదు, సౌండ్ లేదు. రెండో ఫైలు మార్చడం మర్చిపోయాను. ఇన్ని చదివీ. పాత డ్రైవర్ల మూట తీసేసి, కొత్తదానికి పాతదాని పేరు పెట్టాను. మళ్లీ బూట్. కార్డు గుచ్చగానే డెస్క్‌టాప్ మీద చిన్న బొమ్మ మొలిచింది. అప్పటికి కోడి కూసింది.

మన కథల్లో పరకాయ ప్రవేశం చేసినవాడు తన జ్ఞాపకాలతో సహా కొత్త ఒంట్లోకి వెళతాడు. రాజు శరీరం సింహాసనం మీదే ఉంటుంది, లోపలున్నది రాజు కాదు. ఇక్కడ దానికి తిరగబడింది. ప్రాణం మారింది, జ్ఞాపకాలు ఒంట్లోనే ఉండిపోయాయి. నాన్న కాఫీ తాగొచ్చి కూర్చుంటే, నిన్న ఆపిన వాక్యం ఆపినచోటే ఉంది.

"ఏం మార్చావు?"

"లోపల అసలుదే మార్చేశాను నాన్నా."

"మరి ఇదంతా అలాగే ఉందే?"

ఫోటోలు ఒక్కొక్కటీ చూశారు. తర్వాత డైరీ తీసి, ఏ రెండు ఫైళ్లు మార్చానో, పాతవి ఎక్కడ దాచానో చెప్పమని రాసుకున్నారు. మళ్లీ ఎప్పుడైనా కావాల్సొస్తే తనే చేసుకుంటారట.

మళ్లీ కావాల్సొస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. ఆ పాత పీసీలకి అధికారికంగా కెర్నల్ మాత్రం లేదు, ఇన్‌స్టాలర్ లేదు. ప్రోగ్రాములకి ఇచ్చిన మాట నిలబడింది. యంత్రాల సంగతి, అంతకు ముందులాగే, పప్పీలాంటి వాటిలో జీతం లేకుండా కెర్నల్ కట్టేవాళ్ల చేతిలో ఉంది. నాన్నకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన టైపు చేస్తున్నది ఇంకా 1978లోనే ఉంది. చాలా బళ్లు మిగిలున్నాయి.