అల్వాలు: ఊరి వోటు నడచిన దారి

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజమార్గమున లోతుకుంట దాటినంతనే అల్వాలు వచ్చును. వేంకటేశ్వరస్వామి ఆలయము, చెరువులు, చెరువుల క్రింది పొలములు, రైలు క్షణకాలము నిలిచి పోవు చిన్న స్టేషను, ఇవియే ఒకప్పటి అల్వాలు గుర్తులు. బొల్లారమునందలి సైనిక స్థావరము, సికింద్రాబాదు రైల్వే, చుట్టుప్రక్కల వెలసిన కర్మాగారములు ఈ ప్రాంతమునకు జనమును రప్పించినవి. విశ్రాంతి పొందిన సైనికులు, రైల్వే ఉద్యోగులు, పొట్టకూటికై జిల్లాలనుండి వచ్చిన కుటుంబములు ఇచట స్థలములు కొని ఇండ్లు కట్టుకొనిరి. పొలము గట్లు వీధులైనవి. 2001 జనాభా లెక్కల నాటికి అల్వాలు పురపాలక సంఘపు జనసంఖ్య లక్ష దాటెను.

ఊరు పెరిగిన కొలది దాని అక్కరలును పెరుగును. వీధి దీపము, మురుగు కాలువ, చెత్త తొలగించుట, రోడ్డు వేయుట, ఇంటి పన్ను కట్టించుకొనుట మున్నగునవన్నియు పురపాలక సభ చేతిలోని పనులు. ఆ సభకు పోటీచేయువారెవరు, వారికి వోటు వేయువారెవరు, ఆ యిరువురి నడుమ ఎంత దూరము కలదు అను ప్రశ్నలు పట్టణ చరిత్రలో ముఖ్యమైనవి. అల్వాలు విషయమున ఆ దూరము ఎట్లు పెరిగెనో చూడవలసి యున్నది.

పూర్వరంగము

హైదరాబాదు నగరమున పురపాలన వ్యవస్థ 1869లో మొదటి సాలార్ జంగు కాలమున ఏర్పడెను. చాదర్‌ఘాటునకు వేరుగా పురపాలక సంఘము వచ్చెను. ఆ దినములలో సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. పన్ను కట్టువానికి నోరు లేదు. బ్రిటిషు ఇండియాలో 1882లో రిప్పన్ ప్రభువు చేసిన తీర్మానము స్థానిక స్వపరిపాలనమునకు దారి తీయగా, నిజాము రాజ్యమున ఆ గాలి ఆలస్యముగా వీచెను. 1933లో చాదర్‌ఘాటు హైదరాబాదున కలిసెను. 1934లో నగరపాలక సంస్థకు తొలి ఎన్నికలు జరిగెను.

సికింద్రాబాదు కథ వేరు. 1806లో సికిందర్ జా పేర వెలసిన ఈ పట్టణము బ్రిటిషువారి దండు చుట్టు పెరిగినది. ఇచట 1945లో పురపాలక సంఘము, 1950లో నగరపాలక సంస్థ ఏర్పడెను. 1960లో జంటనగరముల సంస్థలు రెండును ఒక్కటి చేయబడెను. అల్వాలు అప్పటికిని ఆ హద్దులకు వెలుపలనే యుండెను.

గ్రంథాలయమునుండి నగర సభకు

ఎన్నికలు అరుదుగా నున్న ఆ కాలమున తెలుగువారికి సభా మర్యాదలు నేర్పిన స్థలములలో గ్రంథాలయములు ముఖ్యమైనవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదునందు ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము వెలసినవి. బహిరంగ సభ జరుపుటకు ప్రభుత్వపు అనుమతి కావలసిన రోజులవి. అట్టి రోజులలో చందాదారులు ఒకచోట కూడి, కార్యదర్శిని ఎన్నుకొని, జమాఖర్చులు విని, తప్పు తోచినచోట లేచి అడుగుట చిన్న విషయము కాదు. తనకు నచ్చని తీర్మానము నెగ్గినను దానికి కట్టుబడుట అను అలవాటును వారు అచటనే నేర్చిరి.

ఈ మాటకు మాడపాటి హనుమంతరావుగారి జీవితమే నిదర్శనము. వారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు కార్యదర్శిగా పనిచేసిరి. 1921లో ఆంధ్ర జనసంఘ స్థాపనలో పాలుగొనిరి. నారాయణగూడలో బాలికల పాఠశాలకు ప్రాణము పోసిరి. 1935లో సిరిసిల్ల ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. అటుపిమ్మట 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైరి. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దలందురు. హనుమంతరావుగారు మేయరు పదవికి వచ్చునాటికి నగరవాసులు వారి పనిని మూడు దశాబ్దములుగా కన్నులార చూచియుండిరి. అభ్యర్థిని ఎరిగి వోటు వేయుట యనగా ఇదియే.

పురపాలక సంఘపు దినములు

ఆంధ్రప్రదేశమున 1964లో గ్రామ పంచాయతీల చట్టము, 1965లో పురపాలక సంఘముల చట్టము వచ్చినవి. నగరము చుట్టునున్న ఊళ్లు క్రమముగా మొదటి చట్టపు నీడనుండి రెండవ చట్టపు నీడకు మారినవి. అల్వాలు, మల్కాజిగిరి, కాప్రా, కుత్బుల్లాపురము మొదలగునవి ఇట్లే పురపాలక సంఘములైనవి.

పంచాయతీలో వార్డు సభ్యుడు పొరుగింటివాడు. వాని తాతను ఊరెరుగును; వాడు మాట తప్పినచో మరునాడు బావికడ అడుగువారు కలరు. పురపాలక సంఘమున కౌన్సిలరు కొన్ని వీధులకు ప్రతినిధి. ఆ వీధులలో పాతకాపులు కొందరు, నిన్న మొన్న వచ్చిన కాలనీవాసులు కొందరు. పాతవారికి చెరువు కాలువ గట్టు ఎచట నుండెనో తెలియును. క్రొత్తవారికి తమ ఇంటి ముందు వాననీరు ఎందులకు నిలుచుచున్నదో తెలియదు. ఇరువురి మాటయు విని, కాలువను కాపాడి, ఇండ్లకు దారి చూపగలవాడే మంచి కౌన్సిలరు. పెరుగుచున్న ఊరిలో ఆ పదవికి పోటీచేయుట కష్టమే. అయినను కాలినడకన పూర్తిచేయదగిన పని.

1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలనకు క్రొత్త బలమిచ్చెను. సభ కాలపరిమితి ఐదేండ్లని, అది ముగియుటకు ముందే ఎన్నికలు జరుపవలెనని, మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు కేటాయింపవలెనని విధించెను. గడప దాటి పేరు చెప్పుకొనుటకే సంకోచించిన గృహిణులు నామినేషను పత్రముపై చేవ్రాలు చేయుట ఆనాటినుండి సామాన్యమయ్యెను. 2016 నాటికి హైదరాబాదు మహానగర సభలో సగము స్థానములు స్త్రీలకు దక్కినవి.

మహానగరమున విలీనము

2007 ఏప్రిలు 16న 12 పురపాలక సంఘములు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాదు నగరపాలక సంస్థలో కలుపబడి మహానగరపాలక సంస్థ ఏర్పడెను. ఆ పండ్రెండింటిలో అల్వాలొకటి.

ఈ విలీనమునకు కారణములు లేకపోలేదు. చిన్న పురపాలక సంఘము తనంత తాను దూరపు నదినుండి నీరు తేజాలదు. నగరమునకు మంజీర నీరు 1965లోను, కృష్ణా నీరు 2004లోను వచ్చినవి. ఎల్లంపల్లినుండి గోదావరి జలము 2015లో చేరెను. వంద మైళ్ల గొట్టపు మార్గము ఒక ఊరి పన్నులతో సాధ్యమగు పని కాదు. ఒక ఊరి మురుగు క్రింది ఊరి చెరువులో పడునప్పుడు రెండు ఊళ్లకును ఒకే అధికారము అవసరము. విలీనమును కోరినవారి వాదము ఇట్టిది. అందులో నిజము కలదు.

అయితే దానికి చెల్లించిన మూల్యమును కూడ చరిత్ర వ్రాసికొనవలెను. విలీనమైన నాటినుండి 2009 నవంబరు ఎన్నికల వరకు, అనగా రెండున్నర ఏండ్లకు మించి, అల్వాలు ప్రజలకు పురపాలనమున తాము ఎన్నుకొన్న ప్రతినిధి యొకడును లేడు. పాలన యంతయు అధికారుల చేతిలో సాగెను. వీధి దీపము వెలుగకున్న అర్జీ వ్రాయవలసినదే కాని, పిలిచి అడుగుటకు మనిషి లేడు. ఎన్నికలు వచ్చిన పిదప 150 స్థానముల మహాసభలో అల్వాలు ప్రాంతమునకు దక్కినవి మచ్చబొల్లారము, అల్వాలు, వెంకటాపురము అను మూడు డివిజన్లు.

ఏడు దినముల ప్రచారము

2020 డిసెంబరు ఎన్నికల లెక్కలు చూచినచో అభ్యర్థి ఇక్కట్టు బోధపడును. నగరమున వోటర్లు 74 లక్షలకు పైబడిరి. 150 డివిజన్లకు పంచగా ఒక్కొక్క దానికి సగటున ఏబది వేల మంది. నవంబరు 18 మొదలు 20 వరకు మూడు దినములు నామినేషన్లు, 22న ఉపసంహరణ, 29 సాయంకాలమునకు ప్రచారము ముగింపు. పోటీలో నిలుచువారెవరో తేలిన పిదప మిగిలినవి ఏడు దినములు. దినమునకు ఏడు వేల మందిని, పది గంటలు తిరిగినచో గంటకు ఏడు వందల మందిని కలిసిననే గాని అభ్యర్థి తన వోటర్లనందరిని ఒక్కమారైనను చూడజాలడు.

చట్టము ఈ పోటీని సామాన్యునికి అందుబాటులో నుంచుటకు యత్నించినది. 21 ఏండ్లు నిండి, నగర వోటర్ల జాబితాలో పేరున్నవారు నిలువవచ్చును. ఆ యెన్నికలలో ధరావతు 5,000 రూపాయలు. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 2,500 రూపాయలు. ఖర్చునకు 5 లక్షల పరిమితి. కాని గంటకు ఏడు వందల మందిని కలువజాలనివానికి కాలినడక చాలదు. జెండాలు, వాహనములు, పార్టీ గుర్తు, పేరున్న నాయకుని ఛాయాచిత్రము కావలెను. స్వతంత్రముగా నిలుచు ఊరి ఉపాధ్యాయునికో, కాలనీ సంఘపు కార్యదర్శికో ఇవన్నియు ఎచటనుండి వచ్చును? పార్టీ టిక్కెట్టు దొరకిననే పోటీ, లేనిచో లేదు అను స్థితి ఇట్లు ఏర్పడినది. అందరును దీనిని ధనబలమందురు. ధనముతోపాటు దూరమునకును ఇందులో పాలు కలదు.

వోటరు మౌనము

ఆ సంవత్సరమే అక్టోబరు నడుమ కుండపోతగా వాన కురిసి నగరమున కాలనీలెన్నియో మునిగినవి. చెరువుల నీరు పారవలసిన కాలువలు మూసికొనిపోవుటయే ఆ ముంపునకు ముఖ్య కారణములలో నొకటి. కాలువలను చూచుకొనవలసినది పురపాలక సభ. ముంపు బాధితులకు ప్రకటింపబడిన పదివేల రూపాయల సహాయమునకై నవంబరులో మీసేవా కేంద్రముల ముందు జనము గంటల తరబడి వరుసలలో నిలిచిరి. డిసెంబరు 1న, ఆ కాలువలకు బాధ్యులగువారిని ఎన్నుకొను దినమున, వోటు వేసినవారు నూటికి 46.55 మంది మాత్రమే. 2016లోను సుమారు 45 మందియే. సగమునకు మించినవారు ఇల్లు కదలలేదు. తనకు తెలియని అభ్యర్థికై, తన మాట చేరని సభకై నడచిపోవుటకు మనసు రాకుండుట సహజమే. ఫలితము మాత్రము అందరికిని సమానమే.

ఒక్క వోటు విలువ యెంతో పొరుగుననున్న నేరేడుమెట్టు డివిజను అదే యెన్నికలలో తెలిపెను. అచట 544 వోటు పత్రములపై స్వస్తిక ముద్రకు బదులు వేరు ముద్ర పడినది. ముందున్న అభ్యర్థి ఆధిక్యము ఆ సంఖ్యకు లోబడి యుండుటచే ఫలితము నిలిపివేయబడి, న్యాయస్థానపు విచారణము పిదప డిసెంబరు 9న వెల్లడియయ్యెను. నాలుగైదు వీధుల జనము ఇంట కూర్చున్నచో అన్ని వోట్లు పోవును.

రోడ్డునకు ఆవలి ప్రక్క

అల్వాలు హద్దులను ఒరసికొనియే సికింద్రాబాదు కంటోన్మెంటు కలదు. అచటి పౌరులకు బోర్డు సభ్యులను ఎన్నుకొను హక్కు కలదు. 2015 జనవరిలో వారు వోట్లు వేసిరి. ఆ సభ్యుల పదవీకాలము పొడిగింపుతో 2021 ఫిబ్రవరిలో ముగిసెను. 2023 ఏప్రిలు 30న ఎన్నికలని ప్రకటన వెలువడి, మార్చిలోనే రద్దయ్యెను. ఈ ప్రక్కవానికి వోటుండియు సగము మంది వేయలేదు. ఆ ప్రక్కవాడు వేయుదునన్నను పెట్టె రాలేదు. ఎన్నికలు జరుగుట ఎంతటి భాగ్యమో ఆ పొరుగువారిని చూచి గ్రహింపవచ్చును.

ముగింపు

మహానగరము మరల అల్వాలు గ్రామము కాజాలదు. రాజ్యాంగమే ఈ దూరమును ముందుగా ఊహించినది. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనమున్న నగరములలో వార్డు కమిటీలుండవలెనని 74వ సవరణము శాసించినది. ప్రతినిధి వీధి జనము నడుమ కూర్చుండి లెక్క చెప్పుటకు అది తగిన వేదిక. అవి ఎంత చురుకుగా పనిచేయునో, ఐదేండ్లకొకమారు వచ్చు ఏడు దినముల ప్రచారముపై వోటరు అంత తక్కువగా ఆధారపడును.

గ్రంథాలయములకును ఇందు పని కలదు. వోటర్ల జాబితాను బల్లపై నుంచి పేరు లేనివారికి తెలుపుట, అభ్యర్థులనందరిని ఒకే వేదికపై కూర్చుండబెట్టి కాలువను గూర్చి, చెరువును గూర్చి ప్రశ్నింపజేయుట, గెలిచినవారిని ఏటేట పిలిచి జమాఖర్చులడుగుట ఏ గ్రంథాలయమునకైనను శక్యమే. చందాదారులు తమ కార్యదర్శిని అడిగిన ప్రశ్ననే నగర సభ్యుని అడుగవలెను. నూరేండ్లకు పూర్వము చదువుగదులలో కూర్చున్నవారినుండి నగరమునకొక మేయరు వచ్చెను. మరల అట్టివారు ఏ చదువుగదినుండియైనను రావచ్చును.