వయోజనులకు పి.ఎల్.సి. శిక్షణ

ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ (సంక్షిప్తంగా పి.ఎల్.సి.) కర్మాగారాలలోని యంత్రాలను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఆపరేటర్ వంటి వృత్తులలో చాలా ఏళ్ళు గడిపినవారు నడివయసులో ఈ పరికరానికి ప్రోగ్రామ్ రాయడమూ, దానితో నడిచే యంత్రాలలో లోపాలు కనిపెట్టడమూ నేర్చుకొనే శిక్షణను ఈ వ్యాసం వివరిస్తుంది. పి.ఎల్.సి. కేవలం యువ ఇంజనీర్ల విద్య అనే అభిప్రాయం ఉన్నది. కానీ దానికి అత్యధికంగా వాడే భాష, రిలే ప్యానెళ్ళపై పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్లు చదవగలిగేలా రూపొందినదే. పాత ప్యానెల్ స్థానంలో పి.ఎల్.సి. వచ్చినప్పుడు దానిని నేర్చుకోలేని పనివాడు లోపం వచ్చిన ప్రతిసారీ బయటి నిపుణుడి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. కాబట్టి ఈ శిక్షణ అతని జీవనోపాధికి సంబంధించిన విషయం కూడా.

చరిత్ర

1960లలో కార్ల కర్మాగారాలలో యంత్రాల నియంత్రణ అంతా రిలేలతోనే సాగేది. ఒక్కొక్క ప్యానెల్‌లో వందలాది రిలేలు ఉండేవి. కారు నమూనా మారినప్పుడు ప్యానెల్‌లోని తీగలన్నీ విప్పి మళ్ళీ కలపవలసి వచ్చేది, లేదా ప్యానెల్‌నే పారవేయవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తొలగించే ఎలక్ట్రానిక్ పరికరం కావాలని 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన హైడ్రామాటిక్ విభాగం ప్రతిపాదనలు కోరింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అనే సంస్థలో డిక్ మోర్లీ, అతని సహచరులు తయారు చేసిన పరికరం ఎంపికైంది. అది ఆ సంస్థ చేపట్టిన 84వ పని కావడంతో దానికి మోడికాన్ 084 అని పేరు పెట్టారు.

ఈ పరికరానికి కంప్యూటర్ భాషలను కాక, రిలే సర్క్యూట్ చిత్రాన్ని పోలిన లాడర్ డయాగ్రమ్‌ను (నిచ్చెన చిత్రం) వాడారు. రెండు నిలువు గీతల మధ్య మెట్ల వలె అడ్డగీతలు, ప్రతి మెట్టుపై ఎడమవైపు కాంటాక్టులు, కుడివైపు చివర కాయిల్ ఉంటాయి. రిలే చిత్రం చదవగలవారు దీనిని కూడా చదవగలరు. 1993లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 61131-3 లాడర్‌తో పాటు ఫంక్షన్ బ్లాక్, స్ట్రక్చర్డ్ టెక్స్ట్, ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్, సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్ అనే పద్ధతులను నిర్వచించింది. వీటిలో ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్‌ను 2025 నాటి కూర్పులో తొలగించారు. లాడర్ మాత్రం వాడుకలో కొనసాగుతున్నది.

రిలే అనుభవం: ఉపకరించేది, అడ్డుపడేది

మోటారును నడిపే స్టార్ట్-స్టాప్ సర్క్యూట్ ప్రతి ఎలక్ట్రీషియన్‌కు తెలిసినదే. స్టార్ట్ బటన్ నొక్కగానే కాంటాక్టర్ లాగుకుంటుంది. దాని సహాయక కాంటాక్ట్ స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా ఉండి, చేయి తీసిన తరువాత కూడా సర్క్యూట్‌ను నిలుపుతుంది. లాడర్‌లో మొదట నేర్పే మెట్టు కూడా ఇదే. ఇంటర్‌లాక్, టైమర్, కౌంటర్ వంటి భావనలు కూడా అనుభవజ్ఞులకు కొత్తవి కావు. అయితే చిత్రం ఒకేలా ఉన్నా పనితీరు ఒకటి కాదు. పాత అలవాటు తప్పుదారి పట్టించే సందర్భాలు ముఖ్యంగా మూడు.

1. స్కాన్. రిలే ప్యానెల్‌లో అన్ని శాఖలూ ఏకకాలంలో పనిచేస్తాయి. పి.ఎల్.సి. మొదట ఇన్‌పుట్‌లను చదివి, ప్రోగ్రామ్‌ను పై మెట్టు నుండి కింది మెట్టు వరకు వరుసగా అమలు చేసి, చివర ఔట్‌పుట్‌లను మారుస్తుంది. ఈ ఆవృత్తాన్ని స్కాన్ అంటారు. ఉదాహరణకు స్కాన్‌కు 20 మిల్లీసెకన్లు పడుతున్నదనుకుందాం. సెకనుకు 1 మీటరు వేగంతో పోయే 5 మిల్లీమీటర్ల రేకు సెన్సార్ ముందు సుమారు 5 మిల్లీసెకన్లే ఉంటుంది. రెండు స్కాన్‌ల మధ్య అది దాటిపోతే సెన్సార్ గుర్తించినా ప్రోగ్రామ్‌కు తెలియదు.

2. రెండు చోట్ల ఒకే కాయిల్. ఒక మోటారును ఆటోలోనూ, మాన్యువల్‌లోనూ నడపడానికి ఒకే ఔట్‌పుట్ కాయిల్‌ను రెండు మెట్లపై రాయడం కొత్తవారు చేసే పొరపాటు. సాధారణంగా చివరి మెట్టు ఫలితమే ఔట్‌పుట్‌కు చేరుతుంది, ముందరి మెట్టు నిష్ఫలమవుతుంది. రెండు షరతులనూ సమాంతర శాఖలుగా ఒకే మెట్టుపై రాయాలి.

3. స్టాప్ బటన్. భద్రత కోసం స్టాప్ బటన్‌కు మామూలు స్థితిలో మూసి ఉండే కాంటాక్ట్ (నార్మల్లీ క్లోజ్డ్) వాడతారు. నొక్కనంతసేపు పి.ఎల్.సి. ఇన్‌పుట్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, అంటే విలువ 1. అందువలన ప్రోగ్రామ్‌లో దానిని విలువ 1 అయినప్పుడు దారి ఇచ్చే నార్మల్లీ ఓపెన్ గుర్తుతో చూపాలి. అలవాటు చొప్పున నార్మల్లీ క్లోజ్డ్ గుర్తు వేస్తే మోటారు స్టార్ట్ కాదు. అప్పుడు ప్రోగ్రామ్‌ను సరిదిద్దక, బటన్‌నే నార్మల్లీ ఓపెన్‌గా మార్చడం ప్రమాదకరం. యంత్రం నడుస్తుంది గానీ, ఏనాడైనా ఆ తీగ తెగితే స్టాప్ నొక్కినా యంత్రం ఆగదు. సరైన పద్ధతిలో తీగ తెగితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది.

లోపాలను కనిపెట్టే పద్ధతి

నిన్నటివరకు సరిగా నడిచిన యంత్రం నేడు ఆగిపోతే ముందుగా ప్రోగ్రామ్‌ను అనుమానించకూడదు. ఎవరైనా మార్చనిదే ప్రోగ్రామ్ మారదు. కానీ సెన్సార్‌పై మసి చేరుతుంది, టెర్మినల్ స్క్రూ వదులవుతుంది, లిమిట్ స్విచ్ వంగుతుంది, కేబుల్ నలుగుతుంది. ఈ విషయంలో పాత పనివారికి సహజమైన ఆధిక్యం ఉంటుంది. బ్యాటరీ ఆధారంతో ప్రోగ్రామ్‌ను నిలుపుకునే పాత కంట్రోలర్లు ఇందుకు మినహాయింపు. బ్యాటరీ అయిపోయి ఉండగా కరెంటు పోతే వాటి ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. అందుచేత ప్రతి ప్రోగ్రామ్‌కూ తేదీ వేసిన నకలు భద్రపరచాలి.

కన్వేయర్ స్టార్ట్ కాలేదనుకుంటే పరిశీలన ఈ క్రమంలో సాగుతుంది:

* లోపానికి ముందు ఏమి జరిగిందో ఆపరేటర్‌ను అడగాలి. ఎమర్జెన్సీ స్టాప్, ఓవర్‌లోడ్ రిలే, ఆటో-మాన్యువల్ స్విచ్ ఏ స్థితిలో ఉన్నాయో చూడాలి.
* మోటారుకు సంబంధించిన ఔట్‌పుట్ దీపాన్ని చూడాలి. వెలుగుతూ ఉంటే ప్రోగ్రామ్ తన పని చేసినట్లే. లోపం ఔట్‌పుట్ కార్డు నుండి మోటారు వరకు ఉన్న ఫ్యూజు, రిలే, కాంటాక్టర్, తీగలలో ఉంటుంది. చాలా కార్డులలో ఆ దీపం ఆజ్ఞను మాత్రమే సూచిస్తుంది కనుక టెర్మినల్ వద్ద వోల్టేజీని మీటరుతో కొలవాలి.
* దీపం వెలగకపోతే ల్యాప్‌టాప్‌ను కలిపి ఆ ఔట్‌పుట్ మెట్టును తెరపై చూడాలి. ఏ కాంటాక్ట్ దగ్గర దారి ఆగిందో అక్కడి షరతు నెరవేరలేదని అర్థం.
* ఆ షరతు ఇన్‌పుట్ అయితే దాని దీపాన్ని, ఆ తరువాత సెన్సార్‌ను, మధ్యనున్న తీగను పరీక్షించాలి.

ఈ విధంగా ఒక్క దీపం వెతకవలసిన ప్రాంతాన్ని సగానికి తగ్గిస్తుంది.

పీడనం, ఉష్ణోగ్రత వంటి కొలతలు సాధారణంగా 4–20 మిల్లీయాంపియర్ల సంకేతంగా వస్తాయి. 0–10 బార్ ట్రాన్స్‌మిటర్‌లో 4 మిల్లీయాంపియర్లు 0 బార్‌కు, 12 మిల్లీయాంపియర్లు 5 బార్‌కు, 20 మిల్లీయాంపియర్లు 10 బార్‌కు సమానం. మీటరులో 0 మిల్లీయాంపియర్లు కనిపిస్తే పీడనం లేదని కాదు, తీగ తెగిందనో సరఫరా లేదనో గ్రహించాలి. సున్నా కొలతకు 4 మిల్లీయాంపియర్లు కేటాయించడం వలన ఈ తేడా తెలుస్తుంది.

వయసు, అభ్యాసం

మనస్తత్వ శాస్త్రవేత్తలు రేమండ్ కాటెల్, జాన్ హార్న్ మేధాశక్తిని రెండు విధాలుగా విభజించారు. పూర్వజ్ఞానంతో పని లేకుండా కొత్త సమస్యను పరిష్కరించే శక్తి యౌవనం తరువాత క్రమంగా తగ్గుతుంది. అనుభవం ద్వారా కూడిన జ్ఞానం మాత్రం చాలాకాలం నిలుస్తుంది, పెరగవచ్చు కూడా. లోపాలను కనిపెట్టడంలో రెండవదాని పాత్ర ఎక్కువ. వయోజన విద్యపై పరిశోధించిన మాల్కమ్ నోల్స్, పెద్దలు తమ అనుభవంతో ముడిపడిన విషయాలను, వెంటనే అక్కరకు వచ్చే సమస్యల ద్వారా బాగా నేర్చుకుంటారని ప్రతిపాదించాడు. కాబట్టి నేర్చుకునేవాడు తాను ఏళ్ళ తరబడి మరమ్మతు చేసిన యంత్రపు రిలే చిత్రాన్నే లాడర్‌లోకి మార్చడం మంచి తొలి పాఠం.

పెద్దలకు కష్టం తరచుగా తర్కం వద్ద కాక దాని చుట్టూ ఉండే విషయాల వద్ద ఎదురవుతుంది. కంప్యూటర్‌లో ఫైళ్ళు, ప్రోగ్రామ్‌ను ఎక్కించడానికి దించడానికి గల తేడా, ఐ.పి. చిరునామాలు, ఇంగ్లీషు మెనూలు ఇటువంటివి. పొరపాటున పాత ఫైలును కంట్రోలర్‌లోకి ఎక్కిస్తే అందులో నడుస్తున్న సరైన ప్రోగ్రామ్ పోతుంది. నలభై దాటినవారికి చత్వారం వలన తెరపై చిన్న అక్షరాలు కనబడవు. అక్షరాల పరిమాణం పెంచడం, దగ్గరి చూపు అద్దాలు వాడడం ఇందుకు పరిష్కారం. తనకంటే చిన్నవాడిని అడగడానికి బిడియపడడం మరొక అవరోధం. యువకుడికి సాఫ్ట్‌వేర్, పెద్దవాడికి యంత్రం తెలిసి ఉంటాయి కనుక ఇద్దరినీ జతగా ఉంచితే ఇరువురికీ లాభమే.

సాధన, శిక్షణ సంస్థలు

ఇంటి వద్ద సాధనకు చిన్న పి.ఎల్.సి., 24 వోల్టుల డి.సి. సరఫరా, రెండు మూడు బటన్లు, దీపాలు, ఒక సెన్సార్ సరిపోతాయి. కోడెసిస్ సాఫ్ట్‌వేర్‌ను రుసుము లేకుండా పొంది, పరికరం లేకుండానే కంప్యూటర్‌లో ప్రోగ్రామ్‌ను పరీక్షించవచ్చు. ఓపెన్ పి.ఎల్.సి. అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నది. స్టార్ట్-స్టాప్, ముందుకు-వెనుకకు తిరిగే మోటారు, స్టార్-డెల్టా, ట్రాఫిక్ దీపాలు, నీటి తొట్టి మట్టం అనే క్రమంలో అభ్యాసాలు చేయడం మంచిది. కేవలం ప్రోగ్రామ్ రాస్తే లోపాలు పట్టే నేర్పు అలవడదు. ఒకరు రహస్యంగా తీగ విప్పడం, మరొకరు దానిని కనిపెట్టడం ఉత్తమ సాధన.

హైదరాబాదులో 1968లో స్థాపితమైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (బాలానగర్), రామంతాపూర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఈ రంగానికి సంబంధించిన ప్రభుత్వ సంస్థలు. పట్టా లేకుండా పని ద్వారా నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువీకరించే విధానాన్ని 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చారు.

భద్రత

పి.ఎల్.సి.లో ఒక ఇన్‌పుట్ లేదా ఔట్‌పుట్ విలువను బలవంతంగా మార్చడాన్ని ఫోర్స్ చేయడం అంటారు. పరీక్షకు ఇది ఉపయోగపడినా, ఇంటర్‌లాక్‌లను దాటి యంత్రం హఠాత్తుగా కదలవచ్చు. యంత్రంలో చేయి పెట్టేముందు కరెంటు సరఫరాను, గాలి లేదా నూనె పీడనాన్ని తొలగించి తాళం వేయాలి. ప్రోగ్రామ్‌ను స్టాప్‌లో ఉంచడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను మామూలు ప్రోగ్రామ్‌పై ఆధారపడనీయక, సేఫ్టీ రిలే లేదా ప్రత్యేకమైన సేఫ్టీ పి.ఎల్.సి. ద్వారా కలుపుతారు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్, పెన్ డ్రైవుల ద్వారా కూడా వ్యాపించి సీమెన్స్ కంట్రోలర్ల ప్రోగ్రామ్‌లను మార్చింది. కనుక యంత్రాలకు కలిపే ల్యాప్‌టాప్‌ను ఇతర పనులకు వాడకపోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* రిలే
* విద్యుత్ మోటారు
* వయోజన విద్య
* పారిశ్రామిక శిక్షణ సంస్థ